ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 8 వచ్చింది, న్యూకాసిల్ బామ్మ మాట మాత్రం అర్థం కావట్లేదు

ఖమ్మం పిల్ల:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇంటర్ వరకు తెలుగు మీడియం, బీటెక్ హైదరాబాద్‌లో. ఇప్పుడు న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు కదా, ఒక కేర్ హోమ్‌లో చేరాను. పేరు వద్దులెండి. పెద్దవాళ్లకి తినిపించడం, బట్టలు మార్చడం, మధ్యాహ్నం పూట పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం. పని కష్టమే గానీ నాకు నచ్చింది. ఇబ్బందల్లా ఆ కబుర్ల దగ్గరే.

లిజనింగ్‌లో 8 వచ్చిన దాన్ని. కాలేజీలో పాఠం చెప్పేవాళ్లలో ఒకాయనది గ్రీసు, ఇంకొకావిడది చైనా. ఇద్దరి మాటా అర్థమవుతుంది. కేర్ హోమ్‌లో తొంభై దాటిన బామ్మ ఒకావిడ ఉంది, ఇక్కడే టైన్ నది పక్కన పుట్టి పెరిగింది. ఆవిడ మాట్లాడుతుంటే అసలు ఇంగ్లీషేనా అనిపిస్తుంది. వాళ్లాయన ఓడలు కట్టే యార్డులో పని చేసేవాడన్న సంగతి నాకు నర్సు చెప్తే తెలిసింది. బామ్మ నాతో రోజూ చెప్తూనే ఉందట! మొన్న "నెట్టీ, నెట్టీ" అంటుంటే కూతుర్ని పిలుస్తోందేమోనని కాగితాల్లో ఇంట్లోవాళ్ల పేర్లు వెతికాను. బాత్రూమ్‌కి వెళ్లాలని అడుగుతోందట. ఈలోగా దుప్పటి మార్చాల్సి వచ్చింది.

అటువైపు నుంచీ ఇదే గొడవ. తడిసిందా అని అడగడానికి "ఈజ్ ఇట్ వెట్?" అన్నాను. బామ్మ కంగారుగా కుక్క గురించి ఏదో మొదలుపెట్టింది, జంతువుల డాక్టరు వచ్చాడనుకుంది పాపం. ఇంకో తాతకి పళ్ల ప్లేటు చూపించి "పేర్ కావాలా" అని ఇంగ్లీషులో అడిగితే, నావైపు అదోలా చూసి "బేర్?" అన్నాడు. ఎలుగుబంటి ఎందుకు కావాలి ఆయనకి!

నాకు మరీ మింగుడుపడని విషయం ఏంటంటే, మా సీనియర్ నర్సుది కేరళ. ఆవిడ యాస నాకే బరువుగా వినిపిస్తుంది. అయినా ఇక్కడి ముసలివాళ్లందరికీ ఆవిడ మాట చక్కగా అందుతుంది. నైజీరియా అబ్బాయి మాటా అంతే. నా ఒక్కదానికే ఎందుకిలా? మా రూమ్మేట్ ఏమో వీడియోలు చూసి అమెరికన్ యాస పట్టింది, నన్నూ అదే నేర్చుకోమంటోంది. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "యాక్సెంట్ వచ్చిందా" అని అడుగుతారు, జలుబు వచ్చిందా అన్నట్టు.

అసలు ఏ యాక్సెంట్ నేర్చుకోవాలి? బీబీసీదా, అమెరికాదా, జోర్డీ అనే ఈ న్యూకాసిల్ వాళ్ల యాసా? వినడం ఎలా బాగుపడుతుంది? అనుభవం ఉన్న అక్కలు, అన్నలు చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ టు గ్లాస్గో:

చెల్లీ, ఒక వారం గ్లాస్గో వచ్చి ఉండు. తిరిగి వెళ్లాక న్యూకాసిల్ వాళ్లు వార్తలు చదువుతున్నట్టు వినిపిస్తారు. ఇక్కడ నేను మొదట్లో ప్రతిదానికీ "యెస్" అనేవాణ్ని. అలా ఫుట్‌బాల్ టీమ్‌లో చేరిపోయాను, ఇప్పటికీ ఆదివారాలు ఆడుతున్నా.

అవతలి ఒడ్డు:

అమ్మాయ్, నేనుండేది గేట్స్‌హెడ్, మీ నదికి ఇవతల. డాక్టర్ల క్లినిక్‌లో రిసెప్షన్ నాది, రోజంతా ఫోన్లో జోర్డీ వింటూ ఉంటాను. దానికి ముందు 2000ల మొదట్లో హైదరాబాద్ కాల్ సెంటర్లలో వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనర్‌ని. అప్పుడు నేర్పినందుకు జీతం, ఇప్పుడు విన్నందుకు జీతం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు యాక్సెంట్ ఏది అన్నావు కదా. మా ట్రైనింగ్ రూముల్లో మంత్రం ఒకటే: ఎంటీఐ పోవాలి, న్యూట్రల్ యాక్సెంట్ రావాలి. ఎంటీఐ అంటే మాతృభాష ప్రభావం. దాన్నొక మరకలాగా రుద్దించేవాళ్లం పిల్లల చేత. ఆ న్యూట్రల్ యాక్సెంట్ మాట్లాడే ఊరు మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. పైగా మేము మరకలన్న వాటిలో సగం ఈ దీవుల్లోనే పుట్టినవాళ్ల నోట్లో ఉన్నాయి, ఇక్కడికొచ్చాక చెవులారా విన్నాను.

మన 'ర' చూడు. కారు, డాక్టరు, వాటరు, రాసి ఉన్నచోటల్లా పలుకుతాం. లండన్ టీవీ ఇంగ్లీషులో అచ్చు తర్వాతి ర వినపడదు, 'కా' అని సాగదీసి వదిలేస్తారు. బ్రిటన్ కాల్స్ తీసుకునే బ్యాచ్‌లకి ఆ ర మింగడం నేర్పడానికే మాకు రోజులు పట్టేది. అదే ఇక్కడ రైలెక్కితే గంటన్నరలో ఎడిన్‌బరో. అక్కడ ప్రతి ర పలుకుతారు, అదీ చాలామంది నోట్లో నాలుక కొన టక్కున తగిలే మన ర లాగే. బోటు, గేటు అని మనం ఓ, ఏ లను నిలకడగా అంటాం. లండన్ వాళ్లు 'బఉట్', 'గెయ్‌ట్' అని ఒక అచ్చులోంచి ఇంకో అచ్చులోకి జారతారు. స్కాట్లాండ్‌లోనూ, ఇంగ్లండ్ ఉత్తరాన చాలాచోట్లా జారరు, మనలాగే నిలబెడతారు. 'థింక్' లో థ ని మనం పళ్ల వెనక నాలుక ఆనించి అంటామా, ఐర్లాండ్‌లో చాలామంది అచ్చం అలాగే. తూర్పు లండన్‌లో అయితే అది 'ఫింక్', 'బ్రదర్' కాస్తా 'బ్రవ్వ'. వీళ్లలో ఎవరి చేతా మేము రుద్దించలేదు మరి.

అందుకని ర, ఓ, ఏ, థ జోలికి పోకు. వాటివల్ల బామ్మకి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఎక్కడుందో నువ్వే రాశావు, వెట్ దగ్గర, పేర్ దగ్గర. తెలుగులో వ ఒకటే. పై పళ్లు కింది పెదవికి తగిలీ తగలనట్టు అనేస్తాం. ఇంగ్లీషు చెవికి అవి రెండు. జంతువుల డాక్టరుకి పళ్లు పెదవిని పట్టుకోవాలి. తడికి పళ్లతో పనిలేదు, పెదవులు సున్నాలా చుట్టి 'ఉ' తో మొదలెట్టి 'ఉవెట్' అనేసెయ్. వాటర్, విండో, వాష్, వీల్‌చెయిర్, మీ పనిలో పొద్దస్తమానం వచ్చే మాటలన్నీ ఈ రెండోవే, అన్నీ 'ఉ' తోనే మొదలవ్వాలి.

పేర్ సంగతి ఇంకా తమాషా. మన ప లో ఊపిరి ఉండదు. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ప, ట, క లకి ఊపిరి తోడుంటుంది. అది లేకపోతే వాళ్ల చెవి బ, డ, గ అని రాసుకుంటుంది. మేము క్లాసులో అందరికీ టిష్యూ పేపర్ చించి ఇచ్చేవాళ్లం. నోటి ముందు పట్టుకుని 'పెన్' అంటే పేపరు ఎగరాలి, 'బెన్' అంటే కదలకూడదు. తెలుగు పిల్లలకి ఇది పది నిమిషాల పని, ఎందుకంటే మనకి వత్తక్షరాలు తెలుసు. ఖండంలో ఖ ఎలా అంటామో 'కేక్' లో క అలా అంటే చాలు. అక్షరమాల అంతా ఉండి, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి వత్తులు దాచుకుంటాం.

ఇవి రెండూ చిన్నవే. పెద్దది బరువు. తెలుగులో మాటలోని ముక్కలన్నీ దాదాపు ఒకే తూకంతో నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక ముక్కని లాగి, మిగతావాటిని నలిపేస్తారు. నలిగిన అచ్చులన్నీ చివరికి ఒకే రకం 'అ' అయి కూర్చుంటాయి. హోటల్ అనేటప్పుడు మన బరువు 'హో' మీద, వాళ్లది 'టెల్' మీద. డెవలప్‌మెంట్, కమిటీ, ఈవెంట్, అన్నిట్లో మనం మొదటి ముక్క మీద కూర్చుంటాం, వాళ్లు రెండోదాని మీద. మీ కేర్ హోమ్ మాటలే తీసుకో: షాంపూ, పజామా, పొటాటో, బనానా, అపాయింట్‌మెంట్. అన్నిట్లో బరువు రెండో ముక్కకే. 'పజామా' ని వాళ్లు 'ప్‌-జా-మ' అంటారు, ప దాదాపు ఉండదు, జా మాత్రం ఇంత పొడుగు. నువ్వు 'ప' మీద బరువు పెడితే బామ్మ చెవి ప తో బరువుగా మొదలయ్యే మాట కోసం వెతుక్కుంటుంది. అది దొరకదు. తప్పు అచ్చుని క్షమిస్తారు గానీ తప్పు బరువుని చెవి క్షమించలేదు. మేము రబ్బరు బ్యాండ్లు ఇచ్చేవాళ్లం, రెండు బొటనవేళ్లకి తగిలించుకుని బరువున్న చోట లాగాలి. చూడ్డానికి నవ్వొస్తుంది. మూడో రోజుకి బ్యాండ్ లేకుండానే వేళ్లు కదిలేవి కొందరికి.

ఇక సమ్మర్, బట్టర్, హ్యాప్పీ అని రెండేసి అక్షరాలు ఒత్తడం మనకి బాగా అలవాటు. వీలైతే తగ్గించుకో.

మీ కేరళ నర్సు ఎలా నెగ్గుకొస్తోందంటావా? నీకు బరువుగా వినిపించేది 'ఓయిల్', 'కోలేజ్' లాంటి అచ్చులు అయ్యుంటాయి. ముసలివాళ్లకి అచ్చులతో పేచీ లేదని చెప్పాగా. ఆవిడ పక్కన నిలబడి గమనించు: ముఖంలోకి చూసి చెప్తుందా, ఒక్కో వాక్యానికి ఒకే పని చెప్తుందా, మధ్యలో ఆగుతుందా? సగం ముసలివాళ్లకి చెవుడు కూడా ఉంటుందమ్మా. మన తెలుగువాళ్లకి, అందునా బీటెక్ వాళ్లకి, ఇంగ్లీషు బాగా వచ్చు అని చూపించడానికి వేగంగా మాట్లాడే జబ్బు ఒకటి ఉంది. నీ స్పీడ్ నీకే తెలుసు.

ఇప్పుడు వినడం. జోర్డీని మాట మాటగా బట్టీ పడితే ఎప్పటికీ కాదు, అచ్చుల లెక్క పట్టుకోవాలి. పాతకాలం వాళ్ల నోట్లో 'ఔ' వెళ్లి 'ఊ' అవుతుంది: టౌన్ టూన్, డౌన్ డూన్, హౌస్ హూస్. మ్యాచ్ ఉన్న రోజు వీధిలోకి వెళ్తే టూన్, టూన్ అని ఒకటే అరుపులు. 'కప్', 'బస్', 'లవ్' లోని అ వెళ్లి ఉ: కుప్, బుస్, లువ్. ఇది ఒక్క న్యూకాసిల్‌ది కాదు, ఇంగ్లండ్ ఉత్తరాదంతా ఇంతే. 'కోల్డ్', 'ఓల్డ్' లో ఓ వెళ్లి ఆ. 'టాక్', 'వాక్' అని లండన్‌లో నోరు గుండ్రంగా చేసి అనేవి ఇక్కడ పూర్తిగా నోరు తెరిచిన ఆ. అప్పుడు ఖాళీ అయిన 'వాక్' చోటులోకి 'వర్క్' వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముసలాయన పనికి పోలేనంటున్నాడో నడవలేనంటున్నాడో ఒకటికి రెండుసార్లు అడుగు, పాత డాక్టర్ల జోకు ఒకటి దీనిమీదే ఉంది. 'గ్లాస్', 'బాత్', 'గ్రాస్' లో ఆ ఇక్కడ పొట్టి. మన తెలుగు గ్లాసు, క్లాసుల్లోని పొడుగు ఆ దక్షిణ ఇంగ్లండ్ వాళ్లది. ఊరి పేరు కూడా అంతే: లండన్ వాళ్లు 'న్యూ' మీద బరువేసి 'న్యూకాసిల్' అంటారు, ఈ ఊరివాళ్లు 'క్యా' మీద బరువేసి 'న్యూక్యాసిల్' అంటారు. నువ్వు అలా అని చూడు, బస్సు డ్రైవరు మొహం మారుతుంది.

ఇంకొకటి, రాగం. ఇక్కడ మామూలు వాక్యం చివర కూడా గొంతు పైకి లేస్తుంది. మనకది ప్రశ్నలా వినిపించి జవాబు వెతుక్కుంటాం. బామ్మ అడగట్లేదు, చెప్తోంది. లివర్‌పూల్, గ్లాస్గో, బెల్‌ఫాస్ట్ వాళ్లకీ ఇదే రాగం.

కొన్ని మాటలు మాత్రం బట్టీ పట్టక తప్పదు. నెట్టీ నీకు తెలిసిపోయింది. 'న్యాకిన్' అంటే నొప్పి పెడుతోందని, ఇది నర్సుకి వెంటనే చెప్పాల్సిన మాట. 'క్లామిన్' అంటే ఆకలి దంచేస్తోందని. 'హోయ్' అంటే విసిరెయ్. 'డివెంట్' అంటే వద్దు, చెయ్యకు. 'గ్యాన్ హ్యెమ్' అంటే ఇంటికెళ్తానని, సాయంత్రాలు ఇది ఎక్కువ వింటావు. 'బెయిర్న్' పసిపిల్ల. 'క్యానీ' అంటే బాగుంది. 'గివ్ అస్' అంటే మాకు కాదు, నాకివ్వు. 'టీ' అంటే చాలాసార్లు సాయంత్రం భోజనం. టీ తాగారా అనుకుని నువ్వు కప్పు తెస్తే వాళ్లు ప్లేటు కోసం చూస్తారు. నిన్ను 'పెట్' అంటారు, 'హిన్నీ' అంటారు, అవి ముద్దుగా పిలిచేవే, ఏమీ అనుకోకు.

ఒక హెచ్చరిక. సండర్లాండ్ ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడివాళ్లని జోర్డీ అనకు, వాళ్లు మాకెమ్‌లు. రెండు యాసలూ ఒకటే కదా అంటే రెండు ఊళ్లవాళ్లూ నీమీదికి వస్తారు. విజయవాడ, గుంటూరు మధ్య ఇంతకంటే దూరం, అయినా ఇంత పట్టింపు లేదు మనకి.

వైట్‌ఫీల్డ్ మేనేజర్:

పైన మేడమ్ రాసింది చదవడానికి బాగుంది. కానీ నిజం మాట్లాడుకుందాం. కేర్ హోమ్ ఆ అమ్మాయికి తాత్కాలికం. రేపు ఎమ్మెస్సీ అయ్యాక ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఎడిన్‌బరోలో కూడా ర పలుకుతారండీ అంటే ఎవరూ వినరు. స్కాట్లాండ్ వాడి ర కి మార్కులు పడతాయి, మన ర కి పడవు. నేను రోజూ క్లయింట్ కాల్స్‌లో చూస్తున్నాను. ఒకే విషయం ఇద్దరు చెప్తే లండన్ యాస ఉన్నవాడి మాటకి తలలు ఊగుతాయి. బీబీసీ ఇంగ్లీషు నేర్చుకోమ్మా, డబ్బులు అక్కడున్నాయి.

అవతలి ఒడ్డు:

మేనేజర్ గారూ, వివక్ష లేదని నేను అనలేదండి. క్లినిక్‌లో నా గొంతు వినగానే "ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బీబీసీ యాస పెట్టి చూశాను, అడగడం మానలేదు. పైగా గేట్స్‌హెడ్‌లో ఆ యాస పెడితే ఎవరో దొరసాని దిగిందనుకుంటారు.

డాలస్ గోదావరి:

అమెరికన్ యాస అన్న రూమ్మేట్ కోసం రెండు ముక్కలు. అమెరికాలో 'వాటర్', 'బెటర్', 'సిటీ' లో అచ్చుల మధ్య ట ఉండదు. మనవాళ్లు దాన్ని వాడర్, బెడర్ అని రాసుకుంటారు గానీ, జాగ్రత్తగా వింటే అది ఇంచుమించు మన ర యే. నాలుక ఒక్కసారి తగిలి వచ్చేస్తుంది. 'సిరీ' అని తెలుగులో ర పెట్టి అను, ఇక్కడి వెయిట్రెస్‌కి సిటీ అని వినిపిస్తుంది. న్యూకాసిల్‌లో ఇది వాడితే ఏం లాభమో నాకైతే తెలీదు, ముసలివాళ్లు సినిమా మనిషి అనుకుంటారేమో.

నాకు ఇక్కడ అన్నిటికన్నా ముప్పు తెచ్చింది 'క్యాన్', 'క్యాంట్'. శుక్రవారం లోపు ఇవ్వగలమని ఒకడు, ఇవ్వలేమని ఇంకొకడు రాసుకున్న మీటింగులు చూశాను. అమెరికన్లు క్యాంట్ చివర ట ని మింగేస్తారు, మనం ఆ ట కోసం ఎదురుచూస్తాం. ట ని వదిలెయ్, అచ్చు విను. చేయగలను అన్నప్పుడు ఆ మాట నలిగిపోయి 'కెన్' అనో 'క్‌న్' అనో వస్తుంది, బరువు తర్వాతి క్రియ మీద పడుతుంది. చేయలేను అన్నప్పుడు 'క్యాన్' అని నిండుగా, బరువుగా వినపడుతుంది. మనం ఉత్సాహంగా "ఐ క్యాన్ డూ ఇట్" అని క్యాన్ మీద ఒత్తి చెప్తే కొంతమంది అమెరికన్లకి చేతకాదు అన్నట్టు వినిపిస్తుంది. ఇది జోకు కాదు.

ఇక మన దేశం వాళ్ల యాసలు. మా టీమ్‌లో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. బీహార్ అన్న 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అంటాడు. బెంగాలీ ఆవిడది 'భెరీ గుడ్'. మలయాళీ కుర్రాడు 'సింబ్లీ'. మనవాళ్లని పట్టడం మరీ తేలిక: ఎమ్, ఎన్ ని యెమ్, యెన్ అంటాం, ఓన్లీ ని వోన్లీ అంటాం, 'రైటు', 'కరెక్టు' అని చివర ఒక ఉ తగిలిస్తాం. 'బ్యాంక్', 'క్యాట్' లోని అచ్చు మాత్రం మనకి బాగా వస్తుంది, ఉత్తరాదివాళ్లు అక్కడ తడబడతారు. నేను ఒక్క వాక్యంలో జిల్లా దాకా చెప్పేస్తాను. మా అమెరికన్ మేనేజర్‌కి మేమంతా ఒకటే ఇండియన్ యాస. అతను టెక్సస్ వాడినీ బోస్టన్ వాడినీ క్షణంలో పడతాడు, నాకు ఏళ్లు పట్టింది.

వరంగల్ లెక్చరర్ (రిటైర్డ్):

అమ్మా ఖమ్మం పిల్లా, మేనేజర్ గారి మాట మీద నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. బీబీసీ ఇంగ్లీషు అని మనం అనేది ఆ దేశంలో పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941లో, బీబీసీ వార్తలు చదవడానికి విల్ఫ్రెడ్ పికిల్స్ అనే యార్క్‌షైర్ ఆయన్ని పెట్టింది. జర్మన్లు ఆ యాసని అనుకరించలేరన్నది అప్పట్లో చెప్పిన కారణాల్లో ఒకటి. ఆయన చివర్లో ఉత్తరాదివాళ్లకి "గుడ్ నీట్" అని చెప్పేవాడు, గుడ్ నైట్ అనకుండా. శ్రోతల నుంచి ఫిర్యాదులు! ఆ యాసలో చదివితే వార్తల్లా అనిపించట్లేదని వాళ్లలో వాళ్లే గొడవ. ఇప్పుడు బీబీసీలో వెల్ష్, స్కాటిష్, ఐరిష్, ఉత్తరాది యాసలు అన్నీ వినపడుతున్నాయి, నేను పొద్దున రేడియో వింటాను.

ర గురించి ఇంకొకటి. 1962లో విలియం లాబొవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకి వెళ్లాడు. ఒకటి బాగా ఖరీదైనది, ఒకటి మధ్యస్థం, ఒకటి చవక. నాలుగో అంతస్తులో ఉన్న వస్తువేదో ముందే తెలుసుకుని, అదెక్కడుంది అని అక్కడి పనివాళ్లని అడగడం. వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్" అంటారు. ఆ రెండు ర లు పలికారా లేదా అన్నదే ఆయన లెక్క. వినపడనట్టు నటించి రెండోసారి కూడా చెప్పించేవాడు. ఖరీదైన దుకాణంలో ర ఎక్కువ, చవక దుకాణంలో తక్కువ. అంటే న్యూయార్క్‌లో ర పలకడం గొప్ప. అదే కాలంలో లండన్‌లో ర పలకకపోవడం గొప్ప. మేనేజర్ గారు తలలు ఊగుతాయన్నది నిజమే, కానీ ఆ ఊగుడు ఏ ఊరిదో చూసుకోవాలి.

అవతలి ఒడ్డు గారు చెప్పిన బరువు సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో ఉస్మానియా పక్కన 1958లో పెట్టిన ఇంగ్లీషు సంస్థ, మా రోజుల్లో సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ, అక్కడికి ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు మా చేత ముందు చేయించింది అదే. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ఫోటోగ్రాఫ్, ఫోటోగ్రాఫర్, ఫోటోగ్రాఫిక్ అని వరసగా అనిపించేవారు. బరువు ఒకటో ముక్క నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి జరుగుతుంది. రబ్బరు బ్యాండ్ల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. కాలితో తాళం వేస్తూ పైకి చదవడమే మేలు. బరువున్న ముక్కలు తాళం మీద పడాలి, మిగతావి మధ్యలో ఎలాగో ఇరుక్కోవాలి. మన పద్యానికి గణాలు కట్టినవాళ్లకి ఇది ఇంకా కష్టం, ప్రతి అక్షరానికీ దాని కాలం ఇచ్చేస్తాం.

రెండేసి అక్షరాలు ఒత్తడం వల్ల నష్టమేమీ లేదు, ఆ శ్రమ బరువు మీద పెట్టు.

అవతలి ఒడ్డు:

మాస్టారూ, తాళం హైదరాబాద్ కాల్ సెంటర్ ఫ్లోర్ మీద వేస్తే పక్క క్యాబిన్ వాడు కంప్లయింట్ ఇచ్చేవాడండి, అందుకే బ్యాండ్లు.

ఖమ్మం పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. టిష్యూ పేపర్ చేసి చూశాను, నా ప కి అసలు కదల్లేదు! రూమ్మేట్ ప కి కూడా కదల్లేదు, అమెరికన్ యాస అంతా ఎటు పోయిందో. న్యాకిన్ నిజంగానే పనికొచ్చింది, ఒక తాత మోకాలు చూపించి అదే అన్నాడు, నర్సుకి చెప్పాను.

ఇంకొక్క డౌట్. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌లో "హాఫ్ ఎయిట్‌కి మందు ఇవ్వాలి" లాంటివి చెప్తారు. ఏడున్నరా, ఎనిమిదిన్నరా? అక్కడే ఉన్న జర్మనీ అమ్మాయి ఏడున్నర అంటోంది. అడిగితే నవ్వుతారేమోనని టెన్షన్.

అవతలి ఒడ్డు:

ఎనిమిదిన్నర. ఇక్కడ హాఫ్ ఎయిట్ అంటే ఎనిమిది దాటి అరగంట. జర్మన్ భాషలో అదే మాటకి ఏడున్నర అని లెక్క, ఆ అమ్మాయికి నువ్వే చెప్పు, మందుల దగ్గర ఇది ప్రమాదం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా చూసుకో. 'ఫిఫ్టీన్' లో బరువు చివర, 'ఫిఫ్టీ' లో మొదట. డోసుల దగ్గర ఎవరు నవ్వినా సరే "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని అంకెలు విడదీసి తిరిగి చెప్పించుకో. మా క్లినిక్‌లో డాక్టర్లే అలా అడుగుతారు.